సంపద సృష్టికర్తల తొలి పెట్టుబడి ఎవరిది?

గత విద్యా సంవత్సరం చివరి వారంలో రాజకీయ అర్థశాస్త్రం తరగతి ముగిశాక ఇద్దరు విద్యార్థులు నా గదికి వచ్చారు. అబ్బాయి ప్రశ్న సూటిగా ఉంది. 'సార్, పంచడం గురించి చాలా చెప్పారు. అసలు సంపద సృష్టించేవాళ్ళే లేకపోతే పంచడానికి ఏముంటుంది?' అమ్మాయి అడగవచ్చింది ప్రశ్న కాదు, సాయం. ఆమె ఒక ప్రైవేటు కళాశాలలో ఇంజనీరింగ్ పూర్తిచేసి మా శాఖలో ఎం.ఎ.లో చేరింది. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదన్న కారణంతో ఆ కళాశాల ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లను తన దగ్గరే ఉంచుకుంది. అవి సమర్పించడానికి మరికొంత గడువు ఇవ్వాలని విశ్వవిద్యాలయానికి నేను ఒక ఉత్తరం రాయాలి. తల్లిదండ్రులు మిరప చేలలో కూలీలు. ఉత్తరం రాసిచ్చాను. అబ్బాయికి మాత్రం ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే తప్ప జవాబు దొరకదని తరువాత అర్థమైంది.

వ్యాపార వర్గాలను 'సంపద సృష్టికర్తలు' అని పిలవడం మన రాజకీయ భాషలో స్థిరపడిపోయింది. అధికార పక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేదు. పేద దేశానికి పెట్టుబడి కావాలి, పెట్టుబడి పెట్టేవాడికి గౌరవం, రాయితీ, భూమి ఇవ్వాలి, వాడు పెరిగితే ఉపాధి పెరుగుతుంది అన్నది ఆ వాదన సారాంశం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పరిశ్రమలు లేని పేదరికాన్ని ఎవరూ కోరుకోరు. అయితే ఈ వాదన ఒక ప్రశ్నను దాటవేస్తుంది. సృష్టికర్త చేతికి ఆ తొలి పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు తెలుగు నేల మీద చాలా స్పష్టమైన చారిత్రక సమాధానం ఉంది.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఖర్చు ప్రభుత్వ ఖజానాది, శ్రమ వేలాది కూలీలది. నీరు పారినచోట భూమి విలువ పెరిగింది. వరి, పొగాకు, చెరకు, అపరాలు సరుకుగా మారాయి. ఆ మిగులు భూమి ఉన్న కులాల చేతికే చేరింది. వారి తరువాతి తరాలు ఆ మిగులుతో రైసు మిల్లులు, పొగాకు ఎగుమతులు, బస్సులు, చిట్‌ఫండ్లు, సినిమా స్టూడియోలు, చక్కెర మిల్లులు నెలకొల్పాయి. వాటి నుంచి నిర్మాణ రంగం, ఔషధ పరిశ్రమ, కార్పొరేట్ విద్య, వైద్యం పుట్టాయి. కోస్తా ఆంధ్రలో వ్యవసాయ కులాలు పెట్టుబడిదారీ వర్గంగా మారిన ఈ తీరును 1980లలోనే కేరల్ ఉపాధ్య అధ్యయనం చేశారు. దేశవ్యాప్తంగా ఇటువంటి కొత్త పెట్టుబడిదారుల కుల మూలాలను హరీశ్ దామోదరన్ 2008లో ఒక పుస్తకంగా రాశారు. ఇలా ఎదిగిన వర్గాన్నే కె. బాలగోపాల్ 'ప్రాంతీయ సంపన్న వర్గం'గా గుర్తించారు.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించాలి. మట్టి పని, రాతి పని కులవృత్తిగా ఉన్నది వడ్డెర, ఉప్పర కులాలకు. నాట్లు వేసి కోసింది మాల, మాదిగ కూలీలు. నీరు అందరి శ్రమతో వచ్చింది, విలువ మాత్రం పట్టా ఉన్నవాడికే దక్కింది. తోలు శుద్ధి చేయడంలో తరతరాల నైపుణ్యం మాదిగలది. తోలు పరిశ్రమగా మారినప్పుడు వారు యజమానులు కాలేదు, కార్మికులుగా మిగిలారు. నైపుణ్యం ఉంటే చాలు, పెట్టుబడి దానంతట అదే వస్తుందన్న మాట నిజమైతే ఈ దేశంలో తోలు కంపెనీల యజమానుల పేర్లు వేరుగా ఉండేవి. భూమి, కులబంధం, ప్రభుత్వంలో పలుకుబడి ఈ మూడూ ఉన్నచోటికే పెట్టుబడి చేరింది.

హైదరాబాద్ కథ కూడా దీనికి భిన్నం కాదు. స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వం ఇక్కడ ఐడిపిఎల్, బిహెచ్ఇఎల్, ఇసిఐఎల్, హెచ్ఎంటి వంటి సంస్థలను నెలకొల్పింది. ఐడిపిఎల్‌లో పనిచేసి అనుభవం గడించిన శాస్త్రవేత్తలు, ఇంజనీర్లే తరువాత నగరంలో ప్రైవేటు ఔషధ కంపెనీలు స్థాపించారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను ప్రారంభించిన అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. ఆయన ప్రతిభను, సాహసాన్ని ఎవరూ కాదనలేరు. నేను చెప్పేది వేరు. ఆ ప్రతిభకు శిక్షణ ఇచ్చిన ప్రయోగశాల ప్రజల డబ్బుతో కట్టింది. ఆ ప్రయోగశాల తరువాతి కాలంలో ఖాయిలా పడింది, దాని నీడలో పెరిగిన పరిశ్రమ ప్రపంచ మార్కెట్లకు వెళ్ళింది. ఖాయిలా పడ్డ సంస్థలో రిజర్వేషన్లు ఉండేవి. వర్ధిల్లిన పరిశ్రమలో లేవు.

1991ని మనం సంస్కరణల సంవత్సరంగా గుర్తుంచుకుంటాం. ప్రధాని తెలుగువారు కావడం మనకు గర్వకారణం కూడా. ఆ ఏడాది జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, చరిత్రాత్మక బడ్జెట్ ఒకే రోజు వచ్చాయి. సరిగ్గా 13 రోజుల తరువాత, ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. రెండూ కరువు సీమలో జరగలేదు, పచ్చని పొలాలున్న సంపన్న కోస్తా గ్రామాల్లో జరిగాయి. సంపద పెరిగితే కులం బలహీనపడుతుందన్న నమ్మకాన్ని ఈ రెండు ఊళ్ళూ పూర్వపక్షం చేశాయి. మిగులు మీద అధికారం ఉన్నవాడికి కూలీ తలెత్తడం భరించరానిదైంది. చదువుకున్న దళిత యువకుడు సమాన మర్యాద కోరడం అంతకన్నా భరించరానిదైంది. లైసెన్సుల నుంచి పెట్టుబడికి విముక్తి ప్రకటించిన దేశం, పల్లెలో కూలీకి విముక్తి ప్రకటించలేదు.

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. ఒక ఇంగ్లీషు ఆర్థిక రాజకీయ వారపత్రికలో 2012లో వెలువడిన అధ్యయనం దేశంలోని వెయ్యి అగ్రశ్రేణి కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించింది. బోర్డు సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రవర్ణాలవారు. ఓబీసీలు 3.8 శాతం, ఎస్సీ ఎస్టీలు ఇద్దరూ కలిపి 3.5 శాతం. 2011 జనగణన ప్రకారం జనాభాలో ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. దిగువ అంతస్తులోనూ పరిస్థితి ఇంతే. 2005 ఆర్థిక గణన ఆధారంగా చేసిన పరిశీలనలో చిన్నా పెద్దా అన్నీ కలిపిన సంస్థల్లో ఎస్సీల యాజమాన్యం 9.8 శాతమే.

దీన్ని ప్రతిభతో వివరించేవారు ఉన్నారు. వారికి 2007లో వెలువడిన సుఖదేవ్ థోరట్, పాల్ ఎటెవెల్‌ల పరిశోధన సమాధానం. ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులు పంపారు. మారింది ఇంటిపేరు మాత్రమే. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ పేరున్న దరఖాస్తుతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులు. ఇంటర్వ్యూ దాకా వెళ్ళకముందే, నోరు తెరవకముందే, పేరు మాట్లాడేసింది.

పెట్టుబడి విషయంలో కులం పనిచేసే తీరు ఇంతకన్నా నిశ్శబ్దంగా ఉంటుంది. బ్యాంకు అప్పుకు హామీ కావాలి. హామీగా పెట్టడానికి భూమి కావాలి. వ్యాపారం మొదలుపెట్టిన తొలి రెండేళ్ళు నష్టం వస్తే ఆదుకునే మేనమామ కావాలి. సరుకు అరువిచ్చే టోకు వర్తకుడికి మన తాత తెలిసుండాలి. టెండరు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పే ఇంజనీరు పెళ్ళిలో పక్కన కూర్చుని భోంచేసినవాడై ఉండాలి. ఇవేవీ చట్టవిరుద్ధం కావు. ఎక్కడా రాసిపెట్టి ఉండవు. అయినా వర్గంగా మారడానికి అవసరమైన మెట్లన్నీ ఇవే. కులం శ్రమను విభజించడమే కాక శ్రమించేవారినే విభజించి ఒకరి పైన ఒకరిని నిలబెట్టిందని 1936లో 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ చూపారు. మరో మాట చేర్చాలి. ఆ విభజన శ్రామికులను చీల్చింది, పెట్టుబడిని మాత్రం కలిపి ఉంచింది. కింద ఉన్నవారికి కులం గోడ. పైనున్నవారికి అదే కులం వంతెన.

ఇటువంటి వర్గం పేద దేశంలో ప్రభుత్వంతో ఎలాంటి సంబంధం పెట్టుకుంటుంది? దూరంగా ఉండమంటుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అనుభవం వేరు. 1944లో టాటా, బిర్లా వంటి పారిశ్రామికవేత్తలు కలిసి రూపొందించిన బాంబే ప్రణాళిక పదివేల కోట్ల రూపాయల పథకాన్ని ప్రతిపాదించింది. ప్రభుత్వం భారీగా జోక్యం చేసుకోవాలని అది కోరింది. రాజ్యం పునాది వేయాలి, అంతస్తులు మేం కట్టుకుంటాం అన్నది ఆ పత్రం లోపలి అర్థం. 1960ల చివరిలో హజారీ నివేదిక, దత్ కమిటీ నివేదిక లైసెన్సులను పెద్ద వ్యాపార కుటుంబాలు ఎలా చేజిక్కించుకున్నాయో చూపాయి. లైసెన్సు ఉన్నకాలంలో లైసెన్సు, అది పోయాక భూమి, గని, కాంట్రాక్టు. రూపం మారింది, రాజ్యం మీద ఆధారపడటం మారలేదు.

మన దగ్గర ఇది మరింత నగ్నంగా కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో కాలువలో నీరు పారాక సంపన్నులు తయారయ్యారు. 21వ శతాబ్దంలో నీరు పారకముందే కాలువ కాంట్రాక్టు సంపన్నులను తయారు చేసింది. జలయజ్ఞం నుంచి కాళేశ్వరం దాకా ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, రాష్ట్రమే రెండయింది. పెద్ద పనులు చేసే సంస్థల సామాజిక స్వరూపం మాత్రం మారలేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టివేశాక వెల్లడైన జాబితాలో దేశంలోనే రెండో అతిపెద్ద కొనుగోలుదారు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒక మౌలిక వసతుల నిర్మాణ సంస్థ. మొత్తం రూ.966 కోట్లు. కొనుగోళ్ళు చట్టం అనుమతించిన మార్గంలోనే జరిగాయి. అందుకే ఆందోళన మరింత పెరగాలి. ఓటు ఒక్కొక్కరికి ఒక్కటే. బాండు కొనగలిగినవారి గొంతు ఎన్ని ఓట్ల విలువ చేస్తుందో లెక్క కట్టే గణాంకం మన దగ్గర లేదు.

సంక్షేమం కూడా ఈ చట్రం దాటి లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, తరువాత విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షలాది పేద కుటుంబాలకు మేలు చేశాయి. నా తరగతిలో సగం మంది ఆ పథకం లేకపోతే డిగ్రీ గడప తొక్కేవారు కారు. అయితే ఆ డబ్బు పేదవాడి పేరు మీద బయలుదేరి ప్రైవేటు ఆసుపత్రి, ప్రైవేటు కళాశాల ఖాతాలో ఆగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మంచం, ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకుడి ఖాళీ అలాగే ఉండిపోతాయి. లబ్ధిదారు జాబితాలో దళితుడు, గిరిజనుడు, బీసీ ఉంటారు. బిల్లు పెట్టేవారి జాబితా వేరు. పేదల సంక్షేమం సంపన్నుల మార్కెట్‌గా మారిన ఈ ఏర్పాటు మీద మన విశ్వవిద్యాలయాల్లో జరగాల్సినంత పరిశోధన జరగలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

పన్నుల సంగతి చూద్దాం. వారసత్వ ఆస్తి మీద ఎస్టేట్ సుంకాన్ని 1985లో రద్దు చేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తివేశారు. 2019 సెప్టెంబరులో కంపెనీల ఆదాయ పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ సంస్థలకు 15 శాతానికి తగ్గించారు. వస్తుసేవల పన్ను మాత్రం చెప్పులు కొన్న కూలీ కూడా కడుతున్నాడు. ఫలితం కళ్ళ ముందే ఉంది. ప్రపంచ అసమానతల పరిశోధన సంస్థ 2024 మార్చిలో ప్రచురించిన పత్రం ప్రకారం 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం, ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం జనాభాది. అదే దేశంలో 80 కోట్ల మందికి ఉచిత బియ్యం, గోధుమలు ఇస్తే తప్ప గడవదని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. ఈ రెండు వాక్యాలూ ఒకే దేశం గురించి రాయగలగడమే మన వర్గ విభజనకు నిర్వచనం.

మరి దీన్ని ప్రశ్నించాల్సిన రాజకీయాలు ఏం చేశాయి? వామపక్షాలు వర్గాన్ని చూశాయి కానీ ఆ వర్గానికి ఇంటిపేరు ఉందని చాలాకాలం ఒప్పుకోలేదు. భూస్వామి, పెట్టుబడిదారు అన్న పదాలు వాడాయి. ఆ పదాల వెనుక ఉన్న పెళ్ళి సంబంధాలను, అరువు సంబంధాలను విశ్లేషించలేదు. కారంచేడు తరువాత పుట్టిన దళిత ఉద్యమం ఆ లోపాన్ని ఎత్తిచూపింది. అది న్యాయమైన విమర్శ. అయితే కుల ఉద్యమాల దృష్టి క్రమంగా ప్రభుత్వ ఉద్యోగం, సీటు, టికెట్ల దగ్గర కుదించుకుపోయింది. ప్రభుత్వ రంగం కుంచించుకుపోతున్నకొద్దీ మనం పంచుకుంటున్న రొట్టె చిన్నదవుతోంది. 2021 జనవరిలో విశాఖ ఉక్కులో నూరు శాతం వాటాల ఉపసంహరణకు కేంద్రం నిర్ణయించినప్పుడు ఉక్కు కార్మికులు వీధికెక్కారు. ఆ ప్లాంటు పోతే రిజర్వేషన్లు ఉన్న వేలాది ఉద్యోగాలు పోతాయన్న స్పృహతో కుల సంఘాలు అంతే బలంగా కదిలి ఉంటే పోరాటం స్వరూపమే మారేది.

1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికులనుద్దేశించి మాట్లాడుతూ అంబేడ్కర్ శ్రామికులకు ఇద్దరు శత్రువులు ఉన్నారన్నారు. ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం. 1947లో రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో కీలక పరిశ్రమలు, వ్యవసాయం ప్రభుత్వ యాజమాన్యంలో ఉండాలని, ఆ విషయం రాజ్యాంగంలోనే రాయాలని ప్రతిపాదించారు. మనలో సగం మంది మొదటి శత్రువును మాత్రమే గుర్తుంచుకున్నాం. మిగతా సగం రెండోదాన్ని మాత్రమే.

ఇటీవలి కాలంలో దళిత పెట్టుబడిదారీ విధానం ఒక పరిష్కారంగా ముందుకు వచ్చింది. 2005లో పుణెలో దళిత పారిశ్రామిక, వాణిజ్య మండలి ఏర్పడింది. 2016లో స్టాండప్ ఇండియా రుణాలు వచ్చాయి. తెలంగాణ 2021లో దళితబంధు కింద కుటుంబానికి పది లక్షల రూపాయలు ప్రకటించింది. వీటిని ఎగతాళి చేయడం నాకు సమ్మతం కాదు. తరతరాలుగా ఆస్తి హక్కే లేనివాడు యజమాని కావడంలో ఆత్మగౌరవం ఉంది. పరిమితిని కూడా చూడాలి. సిరిసిల్లలో మరమగ్గం యజమాని, ఆసామి, కార్మికుడు ఎక్కువగా ఒకే కులంవారు, పద్మశాలీలు. ఆ నేతన్నల ఆత్మహత్యలను యజమాని కులం ఆపలేకపోయింది. కులంలో ఒకడు పైకి వెళ్ళడం వేరు, కులమంతా కూలి నుంచి విముక్తి కావడం వేరు.

అందుకే అడగాల్సిన ప్రశ్నలు మార్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన సర్వేలో ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేలింది. అదే ఏడాది ఏప్రిల్ 30న కేంద్రం కూడా జనగణనలో కులాలను లెక్కిస్తామంది. తలలు లెక్కించడం మొదటి అడుగే. ఆస్తులు లెక్కించడం రెండో అడుగు. గత ఇరవై ఏళ్ళలో రెండు రాష్ట్రాల్లో పరిశ్రమలకు కేటాయించిన ప్రభుత్వ భూములు, సాగునీటి, రహదారి కాంట్రాక్టులు, ప్రభుత్వ బ్యాంకుల పెద్ద రుణాలు, రద్దయిన బకాయిలు ఏ సామాజిక వర్గాలకు చేరాయో శ్వేతపత్రం రావాలి. కుల గణనకు మద్దతు ఇచ్చే ప్రతి పార్టీనీ ఈ రెండో లెక్కకు సిద్ధమా అని అడగాలి.

రెండోది, ప్రభుత్వ కొనుగోళ్ళు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏటా చేసే మొత్తం కొనుగోళ్ళలో నాలుగు శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల చిన్న పరిశ్రమల నుంచి ఉండాలని 2012 ఉత్తర్వు చెబుతోంది. ఎంత అమలైందో ఏటా శాసనసభల్లో, పార్లమెంటులో చర్చ జరగాలి. చిన్న పనులకే పరిమితం కాకుండా పెద్ద కాంట్రాక్టుల్లో ఉపకాంట్రాక్టుల వాటాను చట్టం చేయాలి. మూడోది, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు. 2004లో యూపీఏ ఉమ్మడి కనీస కార్యక్రమం దీనిపై చర్చ మొదలుపెట్టింది. పారిశ్రామిక సంఘాలు చట్టం వద్దు, స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. రెండు దశాబ్దాల స్వచ్ఛందం ఏం సాధించిందో తెలియాలంటే ప్రతి పెద్ద కంపెనీ తన ఉద్యోగుల, డైరెక్టర్ల సామాజిక వివరాలను వార్షిక నివేదికలో చెప్పాలి. ప్రభుత్వ భూమి, రాయితీ తీసుకున్న కంపెనీకి ఇది షరతు కావాలి. నాలుగోది, వారసత్వ సంపద మీద పన్ను. పుట్టుకతో వచ్చే పెత్తనాన్ని వ్యతిరేకించే ఉద్యమం పుట్టుకతో వచ్చే కోట్ల మీద మౌనంగా ఉండటంలో తర్కం లేదు.

ఇవన్నీ చేస్తే పెట్టుబడి పారిపోతుందని భయపెడతారు. కృష్ణా, గోదావరి నీళ్ళతో, ఐడిపిఎల్ ప్రయోగశాలతో, ప్రభుత్వ బ్యాంకు రుణంతో, కాంట్రాక్టు బిల్లుతో పెరిగిన పెట్టుబడి ఈ నేలకు బాకీ ఉంది. బాకీ అడిగితే పారిపోయేవాడిని సృష్టికర్త అనడం భాషకే అవమానం.

చివరిగా, ఆ ఇద్దరు విద్యార్థుల విషయం. గడువు ముగిసే ముందు రోజు ఆ అమ్మాయి సర్టిఫికెట్లు తీసుకుని వచ్చింది. ప్రభుత్వ బకాయి ఇంకా రాలేదు. తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కళాశాలకు ఫీజు కట్టాడట. ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చాక తిరిగి ఇస్తామని అక్కడివారు నోటిమాటగా చెప్పారట. అంటే రాష్ట్ర ఖజానా కట్టాల్సిన సొమ్మును ఒక మిరప కూలీ వడ్డీకి తెచ్చి, ఒక విద్యా వ్యాపారికి పెట్టుబడిగా సర్దాడు. సంపద సృష్టికర్తలు లేకపోతే పంచడానికి ఏముంటుందని అడిగిన అబ్బాయి ఆ రోజు నా గదిలోనే ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. నేను కూడా జవాబు చెప్పాల్సిన అవసరం కలగలేదు.